థైరాయిడ్ గడ్డల నిర్ధారణలో జన్యు పరీక్షలు: 'నెగిటివ్' ఫలితం విలువ ఎంత?

ఉపోద్ఘాతం

మెడ ముందు భాగంలో, స్వరపేటికకు కాస్త దిగువన ఉండే థైరాయిడ్ గ్రంథిలో గడ్డలు ఏర్పడడం చాలా సాధారణమైన విషయం. చేత్తో తడిమి చూసినప్పుడు పెద్దవారిలో 100 మందికి 4 నుంచి 7 మందిలో ఇవి తగులుతాయి. అదే అల్ట్రాసౌండ్ స్కానింగు చేస్తే ఈ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొన్ని జనసమూహాల్లో సగానికి పైగా వ్యక్తులలో ఏదో ఒక చిన్న గడ్డ కనబడుతుంది. వీటిలో అత్యధిక భాగం నిరపాయకరమైనవే. వైద్యుల దృష్టికి వచ్చే గడ్డలలో క్యాన్సర్‌గా తేలేవి స్థూలంగా 7 నుంచి 15 శాతం.

కాబట్టి థైరాయిడ్ గడ్డ విషయంలో వైద్యుని ముందున్న సమస్య క్యాన్సర్‌ను కనిపెట్టడం ఒక్కటే కాదు. క్యాన్సర్ కాని గడ్డలు గల అధిక సంఖ్యాకులను అనవసరమైన శస్త్రచికిత్స నుంచి తప్పించడం కూడా. ఈ రెండో బాధ్యత కోసమే గత పదిహేనేళ్లలో జన్యు పరీక్షలు రంగంలోకి వచ్చాయి. అవి ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు, ఒక దేశంలో లెక్కగట్టిన వాటి విశ్వసనీయత మరో దేశంలో అలాగే నిలుస్తుందా అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు.

సూదికి అందేది, అందనిది

అల్ట్రాసౌండ్‌లో గడ్డ ఆకృతిని, అంచులను, లోపలి సున్నపు చుక్కలను గమనించి అనుమాన తీవ్రతను అంచనా వేస్తారు. అమెరికా రేడియాలజీ కళాశాల 2017లో ప్రకటించిన టిరాడ్స్ పద్ధతి ప్రకారం అత్యంత అనుమానాస్పదమైన గడ్డ 1 సెంటీమీటరు చేరగానే సూది పరీక్షకు అర్హమవుతుంది. స్వల్ప అనుమానం గలది 2.5 సెంటీమీటర్లు చేరే వరకు ఆగవచ్చు. ఆపైన సన్నని సూదితో కొన్ని కణాలను తీసి, గాజుపలక మీద పరచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆసుపత్రుల్లో అందరికీ తెలిసిన ఎఫ్.ఎన్.ఎ.సి. ఇదే.

ఈ పరీక్ష ఫలితాలను ఒకే భాషలో రాయడం కోసం 2007లో అమెరికాలోని బెథెస్డా పట్టణంలో నిపుణులు సమావేశమై రూపొందించిన వర్గీకరణకు ఆ ఊరి పేరే స్థిరపడింది. ఇందులో ఆరు తరగతులు ఉన్నాయి. 2023లో వెలువడిన మూడో కూర్పు ప్రకారం రెండో తరగతిలో, అంటే నిరపాయకరమని రాసిన గడ్డలలో, క్యాన్సర్ ముప్పు సగటున 4 శాతం. ఆరో తరగతిలో అది 97 శాతం. ఈ రెండు చివరల వద్ద వైద్యునికి పెద్దగా సంశయం ఉండదు. చిక్కంతా నడుమ ఉంది. మూడో తరగతిలో, అంటే కణాలలో అసహజత కనిపించినా దాని ప్రాముఖ్యం తేలనప్పుడు, ముప్పు 22 శాతం. నాలుగో తరగతిలో, అంటే పుటికాకార కణితి అనుకున్నప్పుడు, 30 శాతం. సూది పరీక్షలలో 15 నుంచి 30 శాతం దాకా ఇటువంటి అనిశ్చిత నివేదికలే వస్తాయి.

ఈ అనిశ్చితిని పరీక్షకుల నైపుణ్య లోపంగా భావించడం పొరపాటు. థైరాయిడ్ గ్రంథి పుటికలు అనే సూక్ష్మమైన గుండ్రని సంచుల సముదాయం. ఆ పుటికల కణాల నుంచి పుట్టే ఫాలిక్యులర్ అడినోమా నిరపాయకరం. ఫాలిక్యులర్ కార్సినోమా క్యాన్సర్. రెండింటిలోనూ కణాలు ఒకే తీరుగా ఉంటాయి. గడ్డను చుట్టి ఉన్న తొడుగును కణాలు ఛేదించుకుని బయటికి వచ్చాయా, రక్తనాళాల్లోకి చొరబడ్డాయా అన్న ఒక్క అంశమే వాటిని వేరు చేస్తుంది. సూది తెచ్చేది విడివిడి కణాలను మాత్రమే. తొడుగు దానికి అందదు. ఎంతటి అనుభవజ్ఞుడు చూసినా గాజుపలక మీద లేని సమాచారాన్ని చదవలేడు.

అందువల్ల చాలాకాలం పాటు ఇటువంటి వారికి గ్రంథిలో సగభాగాన్ని తొలగించి, కోసి తీసిన కణజాలాన్ని పరిశీలించిన తర్వాతే రోగం పేరు చెప్పడం ఆనవాయితీగా సాగింది. చికిత్స కోసం కాక నిర్ధారణ కోసం చేసే శస్త్రచికిత్స ఇది. పై శాతాలను బట్టి చూస్తే ఇలా గ్రంథిని పోగొట్టుకున్నవారిలో అధికులకు దాన్ని తీయవలసిన అవసరమే లేదు. స్వరాన్ని నియంత్రించే నరానికి దెబ్బ తగిలే ప్రమాదం స్వల్పమే అయినా, పాఠం చెప్పి బతికే ఉపాధ్యాయునికో గాయకురాలికో అది స్వల్పం కాదు. కొందరికి ఆపైన జీవితాంతం థైరాక్సిన్ మాత్ర తప్పదు.

గడ్డలోని జన్యువులు, వంశంలోని జన్యువులు

'జన్యు పరీక్ష' అనగానే వంశపారంపర్యం గుర్తుకు రావడం సహజం. ఇక్కడ ఆ అర్థం చాలావరకు వర్తించదు. సూదితో తీసిన గడ్డ కణాలలో మాత్రమే ఉండే మార్పులను ఈ పరీక్షలు వెదుకుతాయి. అవి ఆ వ్యక్తి జీవితకాలంలో ఒక థైరాయిడ్ కణంలో ఏర్పడి, ఆ కణం సంతతికి సంక్రమించినవి. రక్తంలోని కణాలలో అవి ఉండవు, పిల్లలకు రావు. రోగి కుటుంబానికి ఈ తేడా మొదటనే వివరించకపోతే పరీక్ష పేరే అనవసరమైన భయానికి కారణమవుతుంది.

థైరాయిడ్ క్యాన్సర్లలో అత్యధికం పాపిల్లరీ రకానికి చెందినవి. వాటిలో అతి తరచుగా కనబడే ఉత్పరివర్తన బి-రాఫ్ జన్యువుది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ ఉండవలసిన చోట గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది. ఒక్క అమైనో ఆమ్లం మారడంతో, పెరగమని కణానికి అందే సంకేతం ఆగకుండా కొనసాగుతుంది. థైరాయిడ్ క్యాన్సర్‌లో ఈ మార్పు పాత్రను 2003లో గుర్తించారు. సూదిలో వచ్చిన కణాలలో ఇది కనబడితే ఆ గడ్డ దాదాపు ఎల్లప్పుడూ క్యాన్సరే. ఇంత స్పష్టంగా చెప్పగల సూచిక ఈ రంగంలో మరొకటి అరుదు.

రాస్ కుటుంబానికి చెందిన మూడు జన్యువుల సంగతి ఇందుకు భిన్నం. వాటి మార్పులు ఫాలిక్యులర్ కార్సినోమాలోనూ ఉంటాయి, నిరపాయకరమైన అడినోమాలోనూ ఉంటాయి. రాస్ మార్పు ఉందంటే అది కణితి అని చెప్పవచ్చు. క్యాన్సర్ అని చెప్పలేము. సూక్ష్మదర్శిని కింద తేలని ప్రశ్న జన్యువుల స్థాయిలో కూడా పూర్తిగా తేలకపోవడం ఇక్కడ గమనార్హం. అడినోమా, కార్సినోమా ఒకే మార్గంలో వేర్వేరు మజిలీలు కావచ్చునన్న ఊహకు ఇది బలం చేకూరుస్తుంది.

రెండు జన్యువులు తెగి ఒకదానితో ఒకటి అతుక్కోవడం మరో రకం మార్పు. 1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఆ పరిసర ప్రాంతాల పిల్లలలో వచ్చిన పాపిల్లరీ క్యాన్సర్లలో రెట్ జన్యువుకు సంబంధించిన ఇటువంటి అతుకులు ఎక్కువగా కనిపించాయి. ఇక టెర్ట్ జన్యువును నడిపే భాగంలోని మార్పు బి-రాఫ్ మార్పుతో జతకూడినప్పుడు రోగం ఉద్ధృతంగా సాగే అవకాశాన్ని సూచిస్తుంది.

ఈ చెదురుమదురు పరిజ్ఞానాన్ని ఒక్కచోటికి తెచ్చినది 2014లో వెలువడిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అధ్యయనం. 496 పాపిల్లరీ క్యాన్సర్లను విశ్లేషించిన ఆ పరిశోధన, కారణభూతమైన జన్యుమార్పు తెలియని కణితుల వాటాను 25 శాతం నుంచి 3.5 శాతానికి తగ్గించింది. నేటి వాణిజ్య పరీక్షలకు అవసరమైన జాబితా చాలావరకు అక్కడే సిద్ధమైంది.

రెండు దారులు

ఈ పరీక్షల నిర్మాణంలో రెండు దృక్పథాలు కనిపిస్తాయి. మొదటిది, ఫలానా ఉత్పరివర్తన ఉన్నదా లేదా అని నేరుగా వెదకడం. రెండోది, ఏ మార్పు ఉన్నదన్న ప్రశ్నను పక్కనబెట్టి, వందలాది జన్యువులు ఏ మోతాదులో పనిచేస్తున్నాయో ఆర్.ఎన్.ఎ. ద్వారా కొలిచి, ఆ నమూనా నిరపాయకరమైన గడ్డల నమూనాను పోలి ఉన్నదా అని గణన పద్ధతిలో తేల్చడం.

రెండో దారిలో తొలి పెద్ద అడుగు అఫర్మా పరీక్ష. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన దాని ఫలితాలు 49 కేంద్రాల నుంచి సేకరించిన 265 అనిశ్చిత గడ్డలకు సంబంధించినవి. క్యాన్సర్లలో 92 శాతాన్ని అది పట్టుకుంది. కాని నిరపాయకరమైన వాటిలో 52 శాతాన్ని మాత్రమే అలా గుర్తించగలిగింది. మిగిలినవాటిని అనుమానాస్పదం అన్నది. ఆర్.ఎన్.ఎ. క్రమాన్ని పూర్తిగా చదివే పద్ధతిలోకి మార్చిన తర్వాత 2018లో ప్రకటించిన రూపంలో ఈ రెండు అంకెలు వరుసగా 91, 68 శాతం.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న థైరోసెక్ మొదటి దారికి చెందినదైనా క్రమంగా రెండింటినీ కలుపుకున్నది. దాని మూడో రూపం 112 జన్యువులను పరిశీలిస్తుంది. 2019లో ప్రకటితమైన పది కేంద్రాల అధ్యయనంలో అది 94 శాతం క్యాన్సర్లను పట్టుకుని, 82 శాతం నిరపాయకర గడ్డలను సరిగా గుర్తించింది. రెండు పరీక్షలను నేరుగా పోల్చిన లాస్ ఏంజెలెస్ యాదృచ్ఛిక ప్రయోగం 2021లో వెలువడింది. వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదనీ, అనిశ్చిత గడ్డలు గలవారిలో దాదాపు సగం మంది ఏ పరీక్షతోనైనా నిర్ధారణ శస్త్రచికిత్సను తప్పించుకోగలిగారనీ అది తేల్చింది. ఇది చిన్న ప్రయోజనం కాదు.

శాతాల వెనుక లెక్క

పరీక్ష నివేదిక చేతికందిన రోగి అడిగేది ఒకటే: "నాకు క్యాన్సర్ ఉన్నట్టా, లేనట్టా?" పైన చెప్పిన 91, 68 శాతాలు ఈ ప్రశ్నకు జవాబు కావు. అవి క్యాన్సర్ ఉన్నదని ముందే తెలిసినవారిలో, లేదని ముందే తెలిసినవారిలో పరీక్ష ఎలా ప్రవర్తిస్తుందో చెబుతాయి. రోగి ప్రశ్న దానికి తలకిందులైనది. ఫలితం తెలిసింది, రోగం తెలియదు. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లాలంటే మూడో అంకె ఒకటి కావాలి. పరీక్షకు ముందే ఆ వర్గపు గడ్డలలో క్యాన్సర్ ఎంత శాతం అన్నదే ఆ అంకె. సంభావ్యతా శాస్త్రంలో బేయిస్ సిద్ధాంతంగా ప్రసిద్ధమైన సూత్రం ఇదే.

ఒక ఆసుపత్రిలో 1,000 అనిశ్చిత గడ్డలున్నాయని, వాటిలో 250 క్యాన్సర్లని అనుకుందాం. 91 శాతం పట్టుకునే పరీక్ష 228 క్యాన్సర్లను పాజిటివ్‌గా చూపి 22ను వదిలివేస్తుంది. మిగిలిన 750 నిరపాయకర గడ్డలలో 510ని నెగిటివ్ అని, 240ని పొరపాటున పాజిటివ్ అని అంటుంది. మొత్తం నెగిటివ్‌లు 532. వాటిలో దాగిన క్యాన్సర్లు 22, అంటే 4 శాతం. ఇది బెథెస్డా రెండో తరగతి ముప్పుతో సమానం. కనుక శస్త్రచికిత్స మాని స్కానింగుతో గమనిస్తూ ఉండమని చెప్పడం సమంజసం.

అదే పరీక్షను, ఒక్క రసాయనం కూడా మార్చకుండా, 1,000లో 500 క్యాన్సర్లుండే చోటికి తీసుకుపోతే పరిస్థితి వేరు. అక్కడ నెగిటివ్‌లు 385. వాటిలో దాగిన క్యాన్సర్లు 45, అంటే దాదాపు 12 శాతం. ప్రతి ఎనిమిది లేదా తొమ్మిది మందిలో ఒకరిని 'భయం లేదు' అని ఇంటికి పంపినట్టవుతుంది. బెథెస్డా ఐదో తరగతిలో సగటు ముప్పు 74 శాతం. అక్కడ ఇదే లెక్క వేస్తే నెగిటివ్ వచ్చినవారిలో కూడా 27 శాతం మందికి క్యాన్సర్ మిగులుతుంది. క్యాన్సర్ లేదని తేల్చడానికి ఉద్దేశించిన పరీక్షను ఆ తరగతిలో వాడకపోవడానికి కారణం ఇదే.

పాజిటివ్ ఫలితం సంగతి కూడా ఇంతే. మొదటి ఉదాహరణలో పాజిటివ్‌లు 468. వాటిలో నిజమైన క్యాన్సర్లు సగానికి కాస్త తక్కువ. 'జన్యు పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది' అని రోగి బంధువులకు చెప్పుకునే మాట, లెక్క ప్రకారం, నాణెం ఎగరవేసినంత అనిశ్చితం. బి-రాఫ్ మార్పు వల్ల వచ్చిన పాజిటివ్ దాదాపు నిశ్చయం. రాస్ మార్పు వల్ల వచ్చినదో, జన్యువుల మోతాదును బట్టి వచ్చినదో అలా కాదు. నివేదికలో పాజిటివ్ అన్న ఒక్క మాట కన్నా, ఏ కారణంగా పాజిటివ్ అన్నదే ముఖ్యం.

క్యాన్సర్ నిర్వచనమే మారినప్పుడు

పై లెక్కకు ఆధారమైన శాతం ప్రకృతి నిర్ణయించినది మాత్రమే కాదు, మనుషుల నిర్ణయాలు కూడా దాన్ని మారుస్తాయి. తొడుగును దాటని ఒక రకం పాపిల్లరీ కణితిని దశాబ్దాల పాటు క్యాన్సర్‌గా లెక్కించారు. అటువంటి 109 మందిని 10 నుంచి 26 ఏళ్ల పాటు గమనించినా ఒక్కరిలోనూ రోగం తిరగబెట్టలేదని 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రకటించి, దాని పేరు నుంచి క్యాన్సర్ అనే మాటను తొలగించింది. నిఫ్ట్‌పి అనేది దాని కొత్త పేరు. ఒక్క పేరు మారడంతో అనిశ్చిత తరగతులలో క్యాన్సర్ శాతం తగ్గింది. పరీక్షల సామర్థ్యాన్ని నిర్ధారించిన ప్రధాన అధ్యయనాలు దీనిని తొలగించవలసిన గడ్డల జాబితాలోనే ఉంచాయి. నిఫ్ట్‌పిని వేరు చేసి చూస్తే పాజిటివ్ ఫలితంలో నిజమైన క్యాన్సర్ వాటా ఇంకా తగ్గుతుంది.

క్యాన్సర్ అని తేలినా అది ప్రాణానికి ముప్పు అవుతుందా అన్నది మరో ప్రశ్న. దక్షిణ కొరియాలో స్కానింగులు విస్తరించడంతో 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ రోగంతో మరణించేవారి సంఖ్యలో మార్పు లేదు. జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆసుపత్రి 1993 నుంచి సెంటీమీటరు లోపు పాపిల్లరీ క్యాన్సర్లను కోయకుండా గమనించే పద్ధతిని అనుసరించింది. అలా గమనించిన 1,235 మందిలో పదేళ్లకు గడ్డ పెరిగినవారు 8 శాతం, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకినవారు 3.8 శాతం. మరణాలు లేవు. ప్రతి చిన్న గడ్డకూ సూది, ప్రతి సూదికీ జన్యు పరీక్ష అన్న ధోరణికి ఇవి తగిన హెచ్చరికలు. స్కానింగు దశలోనే ఆగవలసినవాటిని ఆపకపోతే ఎంత ఖరీదైన పరీక్షా ఆ పొరపాటును సరిదిద్దలేదు.

వంశపారంపర్యం నిజంగా వర్తించే చోటు

ఇందాక పక్కనబెట్టిన వంశపారంపర్య ప్రశ్న మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ విషయంలో ముందుకు వస్తుంది. ఇది పుటికల నుంచి కాక, కాల్సిటోనిన్ హార్మోనును స్రవించే సి-కణాల నుంచి పుడుతుంది. సుమారు నాలుగో వంతు రోగులలో రెట్ జన్యువు మార్పు పుట్టుకతోనే ప్రతి కణంలోనూ ఉంటుంది. ఈ సంబంధం 1993లో బయటపడింది. ఇక్కడ చేయవలసినది సాధారణ రక్త పరీక్ష. మార్పు గల తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

ఇక్కడ ఫలితం అంచనా కాదు, దాదాపు తీర్పు. 918వ స్థానంలో మార్పు ఉన్న శిశువుకు తొలి ఏడాదిలోనే, 634వ స్థానంలో ఉంటే ఐదేళ్ల వయసుకు గాని అంతకు ముందు గాని గ్రంథిని తొలగించాలని అమెరికా థైరాయిడ్ సంఘం 2015లో సూచించింది. గడ్డ కనబడకముందే చేసే చికిత్స ఇది. మార్పు రాని తోబుట్టువు ఏటేటా పరీక్షల బాధ నుంచి శాశ్వతంగా విముక్తుడవుతాడు. గడ్డ కణాలకు చేసే పరీక్ష, రక్తానికి చేసే పరీక్ష రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల, మొదటిదానికి లేని నిశ్చయత్వాన్ని జనం రెండోదాని నుంచి అరువు తెచ్చి ఆపాదిస్తున్నారు.

భారతీయ సందర్భం

అఫర్మా, థైరోసెక్ వంటి పరీక్షల అమెరికా ధర 3,000 డాలర్లకు మించినది. మన దేశంలో చాలా చోట్ల థైరాయిడ్ శస్త్రచికిత్స వ్యయమే అంతకన్నా తక్కువ. ఆ దేశంలో 'శస్త్రచికిత్స ఖర్చు ఆదా' అన్న వాదన పరీక్షకు ప్రధాన సమర్థన. ఇక్కడ ఆ వాదన తలకిందులవుతుంది. ఇక్కడ సమర్థన ఉంటే అది గ్రంథిని కాపాడడంలోనే ఉండాలి, డబ్బులో కాదు. ఈ కారణంగానే మన ప్రయోగశాలల్లో బి-రాఫ్ ఒక్కదాన్ని వెదికే చవకైన పరీక్ష ఎక్కువగా అందుబాటులో ఉంది. అది పాజిటివ్ అయితే ఉపయోగం గొప్పది. నెగిటివ్ అయితే చెప్పగలిగేది స్వల్పం. ఎందుకంటే మూడు, నాలుగు తరగతుల గడ్డలలో దాగే క్యాన్సర్లు అధికంగా రాస్ తరహావే. బి-రాఫ్ నెగిటివ్ నివేదికను 'క్యాన్సర్ లేదు' అని చదవడం అపాయకరమైన పొరపాటు.

జనసమూహాల మధ్య తేడాలు మరో అంశం. అయోడిన్ లోపించిన ప్రాంతాల్లో ఫాలిక్యులర్ క్యాన్సర్ల వాటా ఎక్కువ. అయోడిన్ అందుతున్న కొద్దీ పాపిల్లరీ వాటా పెరుగుతుంది. 1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించిన దేశంలో ఈ మార్పు అన్ని చోట్లా ఒకే వేగంతో జరిగి ఉండదు. కొరియాలో పాపిల్లరీ క్యాన్సర్లలో బి-రాఫ్ మార్పు పాశ్చాత్య దేశాలలో కన్నా ఎంతో ఎక్కువ. అక్కడి అంకెలను ఇక్కడికి, అమెరికా అంకెలను ఇక్కడికి యథాతథంగా దిగుమతి చేసుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఈ దిశలో ఒక దారి చూపారు. సూది పరీక్షకు ఇదివరకే వాడిన గాజుపలక నుంచే కణాలను గీకి తీసి సూక్ష్మ ఆర్.ఎన్.ఎ.లను కొలిచే పరీక్షను వారు తమ దేశ రోగుల మీదనే రూపొందించుకున్నారు. రోగికి రెండోసారి సూది అక్కరలేదు, నమూనాను ఖండాలు దాటించనక్కరలేదు.

అటువంటి ప్రయత్నానికి ముందు కావలసిన అంకె ఏ కొత్త యంత్రమూ లేకుండా లభించేదే. ఒక బోధనాసుపత్రిలో కొన్నేళ్ల సూది పరీక్షల రిజిస్టరును, శస్త్రచికిత్సానంతర కణజాల నివేదికల రిజిస్టరును పక్కపక్కన పెట్టి సరిపోల్చితే, మూడో తరగతి అని రాసినవాటిలో ఎన్ని క్యాన్సర్లయ్యాయో తెలుస్తుంది. పరిశోధక విద్యార్థికి తగిన అంశమిది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఊహకు, మూడో తరగతి నివేదికలు 100 ఉన్నాయనుకుంటే, వారిలో శస్త్రచికిత్సకు వచ్చినవారు 40 మంది, క్యాన్సర్ తేలినవారు 16 మంది అనుకుందాం. శస్త్రచికిత్స అయినవారిని మాత్రమే లెక్కిస్తే ముప్పు 40 శాతం. మిగిలిన 60 మందికీ ఏమీ లేదనుకుంటే 16 శాతం. అనుమానం ఎక్కువగా ఉన్నవారినే శస్త్రచికిత్సకు పంపుతారు కనుక మొదటి అంకె అతిగాను, తిరిగి రానివారి సంగతి తెలియదు కనుక రెండో అంకె తక్కువగాను ఉంటుంది. ఆసియా దేశాల నివేదికలలో శస్త్రచికిత్సల సంఖ్య తక్కువగా, క్యాన్సర్ శాతం ఎక్కువగా కనబడడం వెనుక ఉన్నది చాలావరకు ఈ ఎంపికే. 91, 68 శాతాల పరీక్షను ఈ రెండు అంకెలకూ అన్వయిస్తే, నెగిటివ్ వచ్చినవారిలో మిగిలే ముప్పు ఒక లెక్కలో రెండున్నర శాతం, మరో లెక్కలో 8 శాతం. మొదటిదైతే ఏడాదికోసారి స్కానింగుతో సరిపెట్టవచ్చు. రెండోదైతే వైద్యుడు రోగితో మరోసారి కూర్చుని మాట్లాడవలసి ఉంటుంది. తిరిగి రాని ఆ 60 మందిని ఫోను చేసి పిలిచి, మెడకు మళ్లీ స్కానింగు చేస్తే తప్ప ఈ రెండింటిలో ఏది నిజానికి దగ్గరో తేలదు.